తోల్ అనే ధాతువు

పరశురాములుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు, ఇన్నేళ్లుగా ఆయన నోట్లో తిరిగిన మాటలన్నీ ఆయన్ని వదిలేసి ఎటో వెళ్లిపోయాయి. ఒక్కటి మాత్రం ఎందుకో వెళ్లలేదు. తోల్. అంతే. దానికి ముందూ ఏమీ లేదు, వెనకా ఏమీ లేదు. నీళ్లు తాగుతవా అని అడిగితే తోల్. ఎక్కడ నొస్తుంది అంటే తోల్. ఫ్యాను తగ్గియ్యాల్నా అన్నా అదే. డాక్టరు టార్చిలైటు కళ్లలోకి కొట్టి, పేరు చెప్పండి పెద్దాయనా అంటే, ఆయన ముఖంలోకి చూస్తూ ఎంతో మర్యాదగా తోల్ అన్నాడు.

అది కూడా అలాంటిలాంటి మాట కాదు. సూర్యాపేట దిక్కున ఈ మాట చెయ్యని పని లేదు. గొర్లను తోలుతారు, బండి తోలుతారు, పొలానికి ఎరువు తోలుతారు. ఆడపిల్లను అత్తగారింటికి తోలుతారు. ఎవరినైనా వెంటబెట్టుకొస్తే తోల్కొచ్చిండు అంటారు, వద్దనుకుని వెళ్లగొడితే తోలేసిండు అంటారు. ఇన్ని పనులు చేసే మాటకు చివరున్న తోక ఊడిపోతే ఇంట్లోవాళ్లు ఏమైపోవాలి? ఎవరి మనసులో ఏముంటే ఆ తోక తగిలించుకున్నారు. తంటా అంతా అక్కడే వచ్చింది.

పరశురాములు చిన్న కూతురు గోపిక సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సంస్కృతం చెప్తుంది. గొర్లకాపరి కూతురు సంస్కృతం చెప్పడమేమిటని మొదట్లో స్టాఫ్ రూములో ఒకరిద్దరు నొసలు చిట్లించారు, తర్వాత వాళ్లే అలవాటు పడ్డారు. ఆ మాటకొస్తే ఇంటర్‌లో సంస్కృతం తీసుకునే పిల్లలకు మాత్రం సంస్కృతం ఎక్కడ కావాలి? మార్కులొస్తాయని తీసుకుంటారు, పరీక్ష అయిన మర్నాడు మర్చిపోతారు. గోపికకు వాళ్ల మీద కోపమేం లేదు. ఆమె అసలు ప్రేమ వేరే ఉంది. హైదరాబాదు యూనివర్సిటీలో పేరు నమోదు చేయించుకుని, సెలవుల్లో పోతూ వస్తూ, సంస్కృతానికే తల్లి అయిన ఒక భాష మీద ఆమె పరిశోధన చేస్తోంది.

సంస్కృతం, పారశీకం, గ్రీకు, లాటిను, ఇంగ్లీషు, ఇవన్నీ ఒక్క ఇంటి పిల్లలట. మన తెలుగు ఆ ఇంటి పిల్ల కాదు, పక్కింటి పిల్ల. ఆ తల్లి భాషను మాట్లాడినవాళ్లు ఎక్కడో ఉత్తరాన గడ్డిమైదానాల్లో గొర్లను, పశువులను మేపుకుంటూ వేల ఏళ్ల కింద బతికిపోయారు. ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. పండితులు మాత్రం దానికి ఆదిమ ఇండో-యూరోపియన్ అని నోరు తిరగని పేరు పెట్టి, దాని క్రియాధాతువులు ఎలా ఉండేవో ఒక్కొక్కటే తవ్వి తీస్తున్నారు.

ఈ సంగతి మొదటిసారి విన్నరోజు పరశురాములు ఆత్మకూరులో ఇంటి ముందు కూర్చుని గొర్రెపిల్ల కాలికి ముల్లు తీస్తున్నాడు.

"ఆ భాష మాట్లాడెటోళ్లు ఇప్పుడు ఏడున్నరు బిడ్డా?" అన్నాడు.

"ఏడ లేరు నాయినా."

"రాత గూడ లేదంటివి. మరి ఎట్ల తెల్సిందే మీకు?"

"పిల్లలను సూసి తల్లి ఎట్లుండెనో ఊహించుకునుడే."

"గట్లయితే మా పనే గద," అన్నాడు పరశురాములు. "మందల ఏ పిల్లను సూపెట్టినా తల్లి ఏదో నేను సెప్త. ఇంతకు గొర్రెనేమంటరు ఆ భాషల?"

సంస్కృతంలో మిగిలిన రూపం చెప్పింది గోపిక. "అవి."

ఆయన ముల్లు పీకి పక్కన పడేశాడు. "అవి అంటే మేం గూడ గొర్లనే అంటం. అవి మేసినయా, అవి పండుకున్నయా, అవి ఏడున్నయి అని. వేరే దేన్నన్న అంటమా?" అన్నాడు. గోపిక నవ్వి, అది వేరు ఇది వేరు అని విడమరిచి చెప్పబోయి, ఎందుకో మానేసింది. తోలడాన్ని ఏమంటారని కూడా అడిగాడాయన. అజ్ అనే ధాతువు, తోలు అని చెప్పాలంటే అజ అంటారు అంది. మర్నాడు మంద ముందు నిలబడి అజ, అజ అని అరిచి చూశాడట. ఒక్క గొర్రె కదల్లేదు. "మీ భాష మా గొర్లకు రాదు బిడ్డా" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ధాతువుల గురించి గోపిక మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. వేదం, విద్య ఒక్క ధాతువు నుంచే వచ్చాయి చూడండి, బోధ, బుద్ధి కూడా అంతే, అంటుంది. నడుమ ఉండే అచ్చు ఒకచోట నిండుగా పలుకుతుంది, ఒకచోట కుంచించుకుపోతుంది. రెండు పక్కలా హల్లులు మాత్రం మంద చుట్టూ పాతిన గుంజల్లా అలాగే ఉంటాయి. కొన్నింటి ముందు గొంతు లోపల్నుంచి వచ్చే ఒక శబ్దం ఉండేదట, అది దాదాపు అన్ని భాషల్లోనూ అరిగిపోయింది. ఇక ఆమె పరిశోధన అంతా ఆ ధాతువుల మీదికి చేరే తీరు గురించి. ఆ పాత జనానికి పని ఎప్పుడు జరిగిందన్నది రెండో సంగతి. మొదటి సంగతి, దాన్ని ఎక్కడ నిలబడి చూస్తున్నావన్నది. పని సాగుతుండగా చూడటం ఒకటి, అయిపోయినదాన్ని మొత్తంగా చూడటం ఒకటి, ఆ పని మనిషి మీద ఏం మిగిల్చిందో చూడటం ఒకటి. వేద అనే మాటే తీసుకోండి. అసలు అర్థం, చూసి ఉన్నాను. చూసి ఉన్నాను కాబట్టి, నాకు తెలుసు.

తెలుగులో ఇలాంటిది ఉందా అని యూనివర్సిటీలో గైడు అడిగితే, గోపిక వాళ్ల నాన్ననే ఉదాహరణగా చెప్పింది. గోపిక తల్లి ఉప్పలమ్మ బువ్వకు పిలిస్తే, ఊరవతల చెలకలో ఉన్న పరశురాములు అక్కడ్నుంచే "ఆ, వచ్చిన" అనేవాడు. వస్తున్న అని కాదు, వస్త అని కాదు. వచ్చిన. ఆ తర్వాత కంచె సర్దేవాడు, చుట్ట కాల్చేవాడు, ఎవరితోనో ముచ్చట పెట్టేవాడు. బువ్వ చల్లారి, ఉప్పలమ్మకు ఒళ్లు మండి, "ఏడికొచ్చినవ్?" అని మళ్లీ కేకేస్తే, మళ్లీ "వచ్చిన" అనేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ మాట ఇంకా దూరం నుంచి వచ్చేది. ఇంకా బయల్దేరని మనిషి అయిపోయిన క్రియతో జవాబు చెప్పడమేమిటో ఏ వ్యాకరణానికీ అందలేదు.

ఇప్పుడు ఆ వచ్చిన కూడా పోయింది. తోల్ మిగిలింది.

వానాకాలం వరికోతలు అయ్యాక ప్రతి ఏడూ ఆయన మందను మిర్యాలగూడ దిక్కు తోలుకుపోతాడు. వేములపల్లి పొలాల్లో మిగిలిన వరి కొయ్యకాళ్లు మేపుతూ, రాత్రిళ్లు ఎరువు కోసం రైతుల మళ్లలో మంద పెడుతూ కొన్నాళ్లు అక్కడే ఉంటాడు. ఈసారి అక్కడే పడిపోయాడు. తోడున్న సైదయ్య ఆయన్ని మిర్యాలగూడ దవాఖానకు చేర్చి, తిరిగి పొలానికి పోయి, పరశురాములు మందను కూడా తన మందలో కలుపుకుని మేపుతున్నాడు. ఆ సాయంత్రం ఉప్పలమ్మ దవాఖానకు పోయేసరికి భర్త పంచె తడిసి ఉంది. ఇలాంటప్పుడు అలా అవుతుందిలే అమ్మా అన్నారంతా. ఆమె మాట్లాడకుండా పంచె మార్చి, తడిదాన్ని పిండి సంచిలో పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఆయన్ని సూర్యాపేటకు, గోపిక కిరాయికుండే ఇంటికి తెచ్చారు. చేతులు కాళ్లు ఆడించే డాక్టరు ఆ వీధిలోనే ఉన్నాడు. కిటికీ పక్కన మంచం వేశారు. పొద్దున పూట నీరెండ ఆయన పాదాల మీద మొదలై, మెల్లగా పైకి పాకి, మధ్యాహ్నానికి గడ్డం దాకా వచ్చి, వెళ్లిపోయేది. ఆయన దాన్ని చూస్తూ పడుకునేవాడు. ఉండుండి, గొంతులో చిన్న ఊపిరి శబ్దం చేసి, తోల్ అనేవాడు.

ఎవరు ఏ తోక తగిలించారో చెప్పాలి కదా. ఉప్పలమ్మ తగిలించింది తోల్కరా. పెద్దబిడ్డ కల్పనను చూడాలని మనసైందని, కోదాడ నుంచి ఆమెను పిలిపించింది. కల్పన వచ్చి, కోదాడలో అలవాటైన మాటతీరుతో, "నాన్నా, నేను వచ్చాను గదా, చూడు" అని చేయి పట్టుకుని ఏడిస్తే, ఆయన కూడా కంట నీరు పెట్టుకుని, తోల్ అన్నాడు. అంటే కల్పన కాదు. మనవళ్లను తెచ్చారు. వాళ్లూ కాదు.

కొడుకు ఉపేందర్ డీసీఎం వ్యాను నడుపుతాడు. అతను తగిలించిన తోక అన్నింటికంటే గట్టిది. తోలెయ్యి.

"నాయినకు సమజైంది," అన్నాడు ఉపేందర్ ఒకరోజు మంచం పక్కన కూర్చుని. "ఇగ తన్తోని కాదని సమజైంది. అందుకే మందను తోలెయ్యిమంటుండు."

"అమ్ముమంటుండా?" అంది గోపిక.

"మల్లేమంటుండు? పొద్దున లేస్తే నువ్వు కాలేజికి పోతవ్. నేను బండి మీద ఉంట. అవ్వకు మోకాళ్లు. సైదయ్య మామ ఎన్ని రోజులు సూస్తడు? నువ్వు మేపుతవా?"

మేపలేనని గోపికకు తెలుసు. అయినా నాలుక ఊరుకోలేదు. "తోల్ అన్నది నాయిన. ఎయ్యి అన్నది నువ్వు."

ఉపేందర్ ముఖం మాడ్చుకున్నాడు. కానీ ఇంట్లో పరశురాములు ఏది చెప్తే అది జరగడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆయన లే అంటే లేవాలి, పో అంటే పోవాలి. ఉత్త ధాతువు చెవిన పడితే ఆ ఇంట్లోవాళ్లకు అది హుకుంలాగే వినిపిస్తుంది, తెలుగు అలాంటిది. కల్పన భర్త కోదాడ నుంచి ఒక బేరగాణ్ని కుదిర్చాడు. లారీ నేరుగా వేములపల్లికే వస్తుంది, అక్కడే ఎక్కిస్తారు. నాయిన కండ్ల ముంగట ఎక్కితెనే నాకు మనసు నిమ్మళమైతది, ఆయన్ని గూడ తోల్కపోదాం అని ఉపేందర్ పట్టుబట్టాడు. అతను చెడ్డవాడు కాడు. తండ్రి మాట మీద చేస్తున్నాననుకుంటేనే అతనికి ఆ పని చేతనవుతుంది, అంతే.

గోపికకు మాత్రం లోపల ముల్లు గుచ్చుకున్నట్టు ఉంది. మంద అమ్ముడుపోతుందని కాదు. ఈ రోజుల్లో దాన్ని మేపేవాళ్లు లేరన్నది నిజమే. నాన్న ఏదో చెప్తున్నాడు, ఒక్కటే మాటతో రోజంతా చెప్తున్నాడు, అదేమిటో ఎవరికీ తెలియక ముందే ఆ మాటకు ఒక అర్థం కట్టి లారీ ఎక్కించేస్తున్నారు. ఒక్కసారి గొర్లు ఎక్కాయంటే ఇక ఆ మాట జన్మలో మారదు. ఎవరూ మాట్లాడని భాషలో ధాతువులకు ప్రత్యయాలు వెతుకుతూ ఇన్నేళ్లు గడిపి, కన్నతండ్రి నోట్లో ఉన్న ఒక్క ధాతువుకు ప్రత్యయం తెలియకపోతే ఆ చదువెందుకని ఆమెకు ఏడుపొచ్చేది.

లారీ రావడానికి ముందురోజు ఆదివారం. మధ్యాహ్నం ఉప్పలమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. గోపిక మంచం పక్కన కుర్చీలో, ఒళ్లో కాగితాలతో కూర్చుంది. ఎండ పరశురాములు ఛాతీ దాకా వచ్చింది. బయట వీధిలో పాతసామాన్లు కొంటామని మైకులో చెప్పుకుంటూ ఒక ఆటో పోతోంది. ఆ గొంతు దూరమవుతూ, మాటలు అరిగిపోతూ, ఉత్త అచ్చులుగా మారుతూ ఉండగా గోపికకు కునుకు పట్టింది.

కలలో ఒక మైదానం. చెట్టు లేదు, పుట్ట లేదు, నడుముల దాకా గడ్డి. గడ్డిలోంచి మనుషులు వస్తున్నారు, భుజాల మీద గొంగళ్లు. వాళ్ల వెనక మంద. గొర్లు నడుస్తుంటే గడ్డి సగానికి విడిపోయి మళ్లీ కలుసుకుంటోంది. వాళ్లు ఏదో అంటున్నారు. మాట కంటే ముందు గొంతులోంచి ఒక చిన్న ఊపిరి వస్తోంది. అరిగిపోయిందనుకున్న శబ్దం ఇదే కదా అని గోపికకు ఎంత సంతోషమైందంటే, కలలోనే కాగితం కోసం వెతుక్కుంది. కాగితం లేదు. చేతినిండా ఉన్ని ఉంది.

ముందు నీళ్లు అడ్డం వచ్చాయి. పెద్ద ఏరు కాదు, మోకాటి లోతు. మంద దిగడం మొదలుపెట్టింది.

"ఇది ఎప్పుడు జరుగుతోంది?" అని గోపిక ఒక ముసలమ్మను అడిగింది.

ముసలమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పక్కవాళ్లను పిలిచి చెప్పింది, వాళ్లూ నవ్వారు. ఆమె గోపిక చేయి పట్టుకుని, ఏ భాషలో చెప్పిందో గానీ, ఇలా చెప్పింది. "ఎప్పుడు అని అడుగుతరా ఎవలన్న? నీళ్లల్ల ఉన్నవా? గట్టెక్కి సూస్తున్నవా? లేకుంటే బట్టలు తడిసి నిలవడ్డవా? గది సెప్పు ముందుగాల."

గోపిక తన బట్టలు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. తలెత్తి చూస్తే గొంగళ్లవాళ్లంతా అవతలి గట్టు మీదున్నారు. నీళ్ల నడుమ ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. అటు గట్టు మీద సగం మంద, ఇటు గట్టు మీద సగం మంద. ఆ మనిషి ఒక చెయ్యి ఎత్తి అలాగే ఆగిపోయాడు. నీళ్లు కూడా పారడం లేదు. పంచె మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు అంటుకుపోయింది. ఆయన తలతిప్పి గోపిక వైపు చూశాడు.

"తోల్," అన్నాడు.

గోపిక కళ్లు తెరిచింది. మంచం మీద నాన్న ఆమె వైపే చూస్తున్నాడు. గొంతులో చిన్న ఊపిరి. మళ్లీ అన్నాడు, తోల్. ఈసారి ఆమెకు ఆ మాట చివర కొద్దిగా పైకి లేవడం వినిపించింది. మూతి వంకర పోయింది కాబట్టి అలా వస్తుందనుకుంది ఇన్నాళ్లూ.

లేచి వంటింట్లోకి పోయింది.

"అవ్వా, దవాఖానల నాయిన పంచె తడిసి ఉండె గద. మోకాళ్ల పైన తడిసిందా, కింద తడిసిందా?"

ఉప్పలమ్మ చాటలోంచి తలెత్తింది. "కింద. పైన పొడిగనే ఉండె. అంచు నిండ బురద. నర్సమ్మ ముక్కు మూస్కున్నది గని, అది కాల్వ నీళ్ల వాసన. నాకు తెల్వదా?"

"మరి ఎవలకు సెప్పలేదేందే?"

"ఎవలడిగిన్రు?" అంది ఉప్పలమ్మ, మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ.

చూసి ఉంది కాబట్టి ఆమెకు తెలుసు. గోపిక తల్లి పక్కన నేల మీద కూర్చుండిపోయింది. నాన్న కాలువ దాటుతూ పడిపోయాడన్నమాట. అంతవరకే తెలిసింది, మిగతాది సైదయ్యకు తెలిసి ఉండాలి. ఫోన్ చేస్తే కలవలేదు, పొలాల్లో సిగ్నల్ ఒకచోట ఉంటే ఒకచోట ఉండదు.

మర్నాడు పొద్దున డీసీఎం కేబిన్‌లో పరశురాముల్ని నడుమ కూర్చోబెట్టి, పడిపోకుండా సీటుకు కండువాతో కట్టారు. ఒకపక్క గోపిక, ఇంకోపక్క స్టీరింగు పట్టుకుని ఉపేందర్. బువ్వ వండి పెడ్త, పొద్దుగూకకముందే రావాలె అని ఉప్పలమ్మ గేటు దగ్గర నిలబడింది. దారంతా మంచు. పొలాల మీద తెల్లగా పరుచుకుని, రోడ్డు పక్క మనుషులు నడుముల దాకా మాత్రమే కనిపిస్తున్నారు. మిర్యాలగూడ రైసుమిల్లుల పొగ కూడా అందులోనే కలిసిపోయింది. నిన్నటి కల ఇంకా అయిపోలేదేమో అనిపించింది గోపికకు. అన్నకు పంచె సంగతి చెప్తే, అతను రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, "ఏడ తడిస్తే ఏంది ఇప్పుడు," అన్నాడు.

వేములపల్లి దాటాక కాలువ కట్ట మీదికి బండి తిప్పేసరికి మంచు విడిపోయింది. లారీ అప్పటికే వచ్చి ఉంది. కొయ్యకాళ్ల నడుమ మంద మేస్తోంది, దాని చుట్టూ తెల్లకొంగలు. కేబిన్‌లోంచి గొర్లు కనిపించగానే పరశురాములు ముందుకు ఒరిగి, గబగబా తోల్, తోల్ అనడం మొదలుపెట్టాడు.

"సూసినవా," అన్నాడు ఉపేందర్ దిగుతూ. "ఎంత ఆత్రం పడుతుండో."

గోపిక గట్టు దిగి సైదయ్య దగ్గరికి పోయింది. ఆయన కట్టె మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు, మంద పోతోందని ముఖం చిన్నబుచ్చుకుని.

"మామా, నాయిన పడ్డదినం ఏమైంది? మొత్తం సెప్పు."

"ఏమున్నది బిడ్డా. పొద్దు వాలుతుంది. మందను కాల్వ దాటియ్యాలె, ఇవతలి మళ్లల్ల మంద పెట్టేదుండె. బావ పొట్టేలును ముంగట దింపిండు. దాని ఎంబడి సగం దాటినయ్. కడమయి నీళ్లకు బెదిరి అవతల్నే మొండికేసినయ్. వాటి కోసం బావ మల్ల నీళ్లల్లకు దిగిండు. నడుమకు పోయిండో లేదో, చెయ్యి గిట్ల లేపి, ఒక దిక్కు ఒరిగిండు. నేను ఉరికొచ్చి పట్టుకున్న."

"మరి అవతల ఉన్నయి?"

"అంబులెన్సు తోని దవాఖానకు పోయొచ్చి, నేనే తోలిన, మసక వడంగ. ఒక్కదాన్ని గూడ ఇడువలె." సైదయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "ఎందుకు బిడ్డా? బావకు ఎవలు సెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. బీపీ ఎంతుందో చెప్పారు. ఏ గోలీ ఎందుకో చెప్పారు. కల్పన వచ్చింది చూడమని చెప్పారు. గొర్లు కాలువ దాటాయని ఒక్కరూ చెప్పలేదు. నాన్న ఇన్ని వారాలుగా సూర్యాపేటలో మంచం మీద పడుకుని లేడు. ఆ నీళ్ల నడుమే నిలబడి ఉన్నాడు, ఇటు సగం అటు సగం పెట్టుకుని. తోలు అని హుకుం చెయ్యడం లేదు. తోలిన్రా అని అడుగుతున్నాడు. ఇంటికి వచ్చినవాళ్లనందర్నీ అడిగాడు, డాక్టరును కూడా అడిగాడు. గోపికకు సిగ్గేసింది. సిగ్గు వెనకే ఏడుపు వచ్చింది, దాన్ని చున్నీతో తుడుచుకుంటూ కట్ట ఎక్కింది.

కేబిన్ తలుపు తీసి, నాన్న మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయన గొంతులో ఊపిరి ఆడింది.

"తోల్," అన్నాడు. చివర పైకి లేచింది.

"తోలినం నాయినా," అంది గోపిక. "గా దినమే తోలినం. మసక వడంగనే. సైదయ్య మామ తోలిండు. అటు సూడు, అవతల ఒక్కటి గూడ లేదు. అన్ని ఇవతల్నే ఉన్నయి."

పరశురాములు అవతలి గట్టు వైపు చూశాడు. చాలాసేపు, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. అక్కడ ఉత్త గడ్డి ఉంది, ఎండ ఉంది. తర్వాత ఇవతలి పొలం వైపు చూశాడు. ఎన్ని వారాలనుంచో బిగబట్టిన మనిషిలా ఊపిరి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. బాగున్న చెయ్యి మెల్లగా లేచి, మందను చూపించింది.

"అవి," అన్నాడు.

అది ఏ భాషలో అన్నాడో గోపికకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. "ఆ, అవే నాయినా," అంది.

వెనక ఉపేందర్ నిలబడి ఉన్నాడు. సైదయ్య చెప్పింది విన్నాడు, ఇదీ విన్నాడు. బండి టైరును కాలితో తట్టాడు.

"అంటే నాయిన అమ్ముమనలే," అన్నాడు చివరికి.

"అనలే అన్నా."

"గిన్ని దినాలు నేనే అనుకున్ననా?"

"అందరం అనుకున్నం. తలా ఒకటి."

ఉపేందర్ కేబిన్ దగ్గరికి వచ్చి, తండ్రి ముఖానికి ముఖం పెట్టి నిలబడ్డాడు. పెద్ద మనిషే, ఇద్దరు పిల్లల తండ్రి, గొంతు మాత్రం బడికి పోనని చెప్పే పిల్లవాడిలా వణికింది. "నాయినా, అమ్ముదామంటున్నది నేను. నాతోని అయితలేదు. ఇది నా మాట, నీది కాదు. నీకు మంచిగయినంక నువ్వేమంటవో సెప్పు. అప్పటిదాక ఆగుత."

పరశురాములు కొడుకు చెంప మీద చెయ్యి పెట్టాడు. తోల్ అని మాత్రం అనలేదు.

బేరగాడు ఊరికే వెళ్లిపోలేదు. "ఏవండీ, కోదాడ నుంచి లారీ వేసుకుని వస్తే ఇప్పుడు వద్దంటారేంటండీ? పెద్దాయన చెప్పారనే గదా వచ్చింది," అని నిలదీశాడు. "మా నాయిన సెప్పలేదు. మాకే సరిగ వినవడలేదు, తప్పు మాదే," అన్నాడు ఉపేందర్, చేతులు జోడించి. ఎండాకాలం దాకా మందను తన దాంట్లో కలుపుకుంటానని సైదయ్య ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అమ్ముతారేమో, అమ్మక తప్పదేమో కూడా. అది అప్పుడు, నలుగురూ కూర్చుని మాట్లాడుకున్నాక.

లారీ ఉత్తదే కట్ట మీద వెనక్కి తిరుగుతుండగా గోపిక ఫోన్ మోగింది. ఉప్పలమ్మ. గోపిక స్పీకరు పెట్టి, నాన్నకు కూడా వినబడేలా డాష్‌బోర్డు మీద పెట్టింది.

"ఏడున్నరు?" అంది ఉప్పలమ్మ. "బువ్వ సల్లారవట్టె. వస్తున్నరా లేదా?"

గోపిక నోరు తెరవబోయింది. ఆమె కంటే ముందు పక్కనుంచి, గొంతులో చిన్న ఊపిరి ఆడి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు వచ్చింది.

"ఆ... వచ్చి... న."

బండి ఇంకా స్టార్టు కూడా కాలేదు. ఇంటికి ఇంకా గంటకు పైన ప్రయాణముంది. ఉపేందర్ తిప్పబోతున్న తాళంచెవిని వదిలేసి తండ్రి వైపు తిరిగాడు. తర్వాత ఉప్పలమ్మ గొంతు వచ్చింది, ఇన్నేళ్ల కోపమూ అందులో ఉంది, నడుమనే అది విరిగిపోయింది.

"ఏడికొచ్చినవ్? ఎన్నడన్న వచ్చినంక వచ్చిన అన్నవా నువ్వు?"